బ్యాంకాక్‌లో తక్కువ ఖర్చుతో వీధి తిండి, షాపింగ్: ఎలా ప్లాన్ చేసుకోవాలి

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు ఉండటంతో బ్యాంకాక్ వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. వెళ్లే ముందు అందరూ అడిగేవి మాత్రం అవే నాలుగు ప్రశ్నలు. బట్టలు నిజంగా చవకేనా? రోడ్డు పక్కన తింటే కడుపు పాడవదా? వెజ్ దొరుకుతుందా? ఎంత డబ్బు పట్టుకెళ్లాలి?

బట్టలు చవకే. అయితే ఆ చవక బేరం ఆడితే వచ్చేది కాదు. ఏ బజారుకు ఏ రోజు, ఏ వేళకు వెళ్లామన్నదే అసలు సంగతి. తిండికీ అంతే. అందుకే ఇందులో బేరం గురించి తక్కువ, వేళల గురించి ఎక్కువ ఉంటుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- చిల్లర నోట్లు. 20, 50, 100 బాట్ల నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. బండి దగ్గర 1000 బాట్ల నోటు తీస్తే ఆ మనిషికీ ఇబ్బందే, మీకూ ఇబ్బందే. పెద్ద నోటుని ఏదైనా సెవెన్ ఎలెవన్ (వీధి వీధికీ ఉండే చిన్న సూపర్‌మార్కెట్) దుకాణంలో నీళ్ల సీసా కొని మార్చుకోవచ్చు.
- దర్జీ టేపు ఒకటి, ఇంట్లో ఎవరికైతే కొనాలో వాళ్ల కొలతలు.
- మడిచి పెట్టుకునే గుడ్డ సంచి, చిన్న గొడుగు, టిష్యూలు, శానిటైజర్.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మీరు మామూలుగా వాడే కడుపు మందులు.
- ఫోన్‌లో డేటా ఉన్న సిమ్, ట్యాక్సీ పిలవడానికి గ్రాబ్ లేదా బోల్ట్ యాప్.
- తిండికి సంబంధించిన నాలుగు వాక్యాలు థాయ్ లిపిలో రాసి ఉన్న స్క్రీన్‌షాట్. ఇది ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

లెక్కలకు 1 బాట్ అంటే సుమారు 3 రూపాయలు అనుకోండి. అసలు రేటు కొంచెం తక్కువే ఉంటుంది, కానీ ఇలా లెక్కేసుకుంటే చివర్లో చెయ్యి కాలదు.

1. డబ్బు మార్చుకోవడం

రూపాయి నోట్లు అక్కడ మార్చుకుంటే బాగా నష్టం. ఇక్కడే డాలర్లు తీసుకుని, అక్కడ బాట్లలోకి మార్చుకోవడం మేలు. 100 డాలర్ల నోట్లకు చిన్న నోట్ల కన్నా మంచి రేటు ఇస్తారు. నోటు మీద రాతలు, చిరుగులు ఉండకూడదు. పాస్‌పోర్టు అడుగుతారు, దగ్గర ఉంచుకోండి.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో బయటికి రాగానే కనిపించే బ్యాంకు కౌంటర్ల దగ్గర ఆగొద్దు. కింద, సిటీలోకి వెళ్లే రైలు ఎక్కే బి అంతస్తులో సూపర్‌రిచ్ లాంటి మనీ చేంజర్లు ఉంటారు. అక్కడి రేటు ఊళ్లో ఇచ్చే రేటుకు దగ్గరగా ఉంటుంది. ఏటీఎం ఆఖరి దారిగా పెట్టుకోండి, ఎందుకంటే విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ 220 బాట్లో అంతకన్నా ఎక్కువో చార్జీ పడుతుంది. తప్పక తీయాల్సి వస్తే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. స్క్రీన్ మీద 'మీ దేశపు కరెన్సీలోకి మార్చమంటారా' అని అడిగితే వద్దనండి.

ప్రతి బండి మీదా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. అది థాయ్ బ్యాంకు ఖాతాలున్న వాళ్ల కోసం. మన దగ్గరలా ఫోన్ ఒక్కటీ జేబులో వేసుకుని బయలుదేరకండి.

2. ఏ బజారుకు ఎప్పుడు

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. హోటల్ బుక్ చేసుకునే ముందే ఈ వేళలు చూసుకోండి.

చాతుచక్ పెద్ద బజారు శని, ఆదివారాల్లోనే. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. బుధ, గురువారాల్లో మొక్కల సంత మాత్రం ఉంటుంది. మంగళవారం వెళ్లి మూసిన షట్టర్లు చూసి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ప్రతునామ్ బట్టల బజారుకు పొద్దున్నే వెళ్లాలి. ప్లాటినం ఫ్యాషన్ మాల్ ఉన్నదీ అక్కడే, ఫెచబురి రోడ్డు మీద. చైనాటౌన్‌లోని సాంపెంగ్ సందు కూడా పగటి బజారే, సాయంత్రం ఐదు దగ్గర పడేసరికి దుకాణాలు కట్టేయడం మొదలవుతుంది.

దాని పక్కనే ఉన్న యావరాత్ రోడ్డు తిండికి ప్రసిద్ధి. అది చీకటి పడ్డాకే. సాయంత్రం 6 తర్వాత వెళ్లండి, సోమవారం వద్దు, ఆ రోజు చాలా బండ్లు పెట్టరు.

వాంగ్ లాంగ్ బజారు నది అవతల, సిరిరాజ్ ఆస్పత్రి పక్కన. పగలు వెళ్లాలి. ఆస్పత్రి సిబ్బంది, విద్యార్థులు తినే చోటు కాబట్టి ధరలు టూరిస్టుల కోసం పెంచినవి కావు. గ్రాండ్ ప్యాలెస్ చూసిన రోజు పక్కనే ఉన్న రేవు నుంచి పడవలో దాటిపోవచ్చు. నన్నడిగితే, ఒక్క పూట తిండికే కేటాయించగలిగితే యావరాత్ కన్నా ముందు వాంగ్ లాంగ్‌కే వెళ్లమంటాను. గుంపు ఉంటుంది, కానీ ఫొటోల గుంపు కాదు, ఆకలి గుంపు.

ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంక్రాన్ పండగ, చాలా చిన్న దుకాణాలు మూసేస్తారు. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో సాంపెంగ్ కూడా అంతే.

3. మొదటి పూట రోడ్డు మీద వద్దు

విమానం దిగి, నిద్ర లేక, ఆకలితో నేరుగా బండి దగ్గరికి వెళ్తే ఏం తింటున్నారో మీకే తెలియదు. మొదటి పూట ఫుడ్ కోర్టులో తినండి. అసోక్ మెట్రో స్టేషన్‌కు ఆనుకుని ఉన్న టెర్మినల్ 21 మాల్‌లో పియర్ 21 అనే ఫుడ్ కోర్టు ఉంది. మాల్‌లో ఉన్నా ధరలు దాదాపు వీధిలో ఉన్నంతే. ముందు కౌంటర్‌లో డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి. తిన్నాక మిగిలినది అదే రోజు తిరిగి ఇచ్చేస్తారు, మర్చిపోయి కార్డు జేబులో వేసుకుని వచ్చేయొద్దు.

ఇక్కడ వంటకాలకు ఫొటోలు, ధరలు ఉంటాయి. ఏది మీకు పడుతుందో, ఏది పడదో తెలిసిపోతుంది. రెండో రోజు నుంచి వీధిలో ధైర్యంగా అడగొచ్చు.

4. బండిని ఎంచుకోవడం

- స్థానికులు, ముఖ్యంగా ఆఫీసు వాళ్లు నిలబడి ఉన్న బండి చూడండి. జనం ఎక్కువ ఉంటే సరుకు నిలవ ఉండదు.
- ఒకటి రెండు వంటకాలే చేసే బండి, ఇరవై రకాలు రాసిపెట్టిన బండి కన్నా మంచిది.
- మీ కళ్లముందు వేడిగా చేసి ఇచ్చేదే తినండి. ట్రేల్లో పొద్దుటి నుంచి పెట్టి ఉంచిన కూరలు మధ్యాహ్నం దాటాక వద్దు.
- ఐసు సంగతి: మధ్యలో రంధ్రం ఉన్న గొట్టాల్లాంటి ముక్కలైతే ఫ్యాక్టరీలో చేసినవి, ఫర్వాలేదు. పెద్ద దిమ్మ నుంచి కొట్టి తీసిన పొడి ఐసు వద్దు.
- కోసిన పండ్లు గాజు పెట్టెలో ఐసు మీద ఉండాలి. జామ, మామిడి ముక్కలకు ఉప్పు, పంచదార, కారం కలిపిన చిన్న పొట్లం కూడా ఇస్తారు.

ధరల అంచనా: అన్నం లేదా నూడుల్స్ ప్లేటు 50 నుంచి 80 బాట్లు, పండ్ల సంచి 20 నుంచి 30, ఐసు వేసిన థాయ్ టీ 25 నుంచి 40, మామిడిపండు-జిగురు అన్నం 80 నుంచి 120. మనిషికి రోజుకు 300 నుంచి 350 బాట్లు పెట్టుకుంటే కడుపు నిండా తినొచ్చు. అంతకన్నా బాగా ఎక్కువవుతోందంటే టూరిస్టు వీధిలోనే తిరుగుతున్నారని అర్థం.

5. ఆర్డర్ చెప్పడం (వెజ్ వాళ్లు ఇది తప్పక చదవాలి)

మాంసం తినేవాళ్లకు ముందు నాలుగు మాటలు: మూ అంటే పంది, కై అంటే కోడి, ఖై అంటే గుడ్డు, నుఆ అంటే గొడ్డు మాంసం. రొయ్య కుంగ్, చేప ప్లా, పీత పూ. గొడ్డు మాంసం తినని వాళ్లు 'మాయ్ కిన్ నుఆ' అనాలి. మన యాసలో పలికితే వాళ్లకు చాలాసార్లు అర్థం కాదు, అందుకే స్క్రీన్‌షాట్ చూపించమన్నది.

పడవ నూడుల్స్ అని విక్టరీ మాన్యుమెంట్ దగ్గర చిన్న చిన్న గిన్నెల్లో అమ్ముతారు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ పులుసు చిక్కగా ఉండటానికి పంది లేదా ఎద్దు రక్తం కలుపుతారు. తెలిసే తినండి.

ఇక వెజ్. 'మాంసం వద్దు' అని చెప్తే మాంసం ముక్కలు వేయరు, అంతే. నామ్ ప్లా అనే చేప సాస్, ఆయిస్టర్ సాస్, ఎండు రొయ్యలు మామూలుగానే పడతాయి. అక్కడి వంటవాళ్ల లెక్కలో అవి ఉప్పు, మసాలా కిందే. పాడ్ థాయ్‌లో చింతపండు, తాటి బెల్లంతో పాటు చేప సాస్ ఉంటుంది. పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లోనూ ఉంటుంది. తూటికూర వేపుడు చూసి 'ఆకుకూరే కదా' అనుకుంటారు, అందులోనూ ఆయిస్టర్ సాస్ పడుతుంది.

పక్కా శాకాహారం కావాలంటే 'జే' అనే మాట పట్టుకోండి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు, చూడటానికి 17 అంకెలా ఉంటాయి. ఆ జెండా ఉన్న చోట మాంసం, చేప సాస్, గుడ్డు, పాలు ఏవీ వాడరు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అక్కడ ట్రేలో బాతు మాంసంలా కనిపించేది సోయాతోనో గోధుమ పిండితోనో చేసింది, కంగారు పడకండి. మధ్యాహ్నం లోపే వెళ్లాలి, త్వరగా అయిపోతుంది. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో తొమ్మిది రోజులు జరిగే జే పండగ సమయంలో వెళ్తే యావరాత్ అంతా ఈ జెండాలే.

గుడ్డు తినేవాళ్లకు 'మంగ్‌సవిరాత్' సరిపోతుంది. దాంతో పాటు 'మాయ్ సై నామ్ ప్లా', అంటే చేప సాస్ వేయొద్దని కలిపి చూపించండి.

ఏదీ కుదరకపోతే ప్రత్యామ్నాయాలు: గుంత పొంగనాల పెనం లాంటి దాని మీద కొబ్బరిపాలు, బియ్యప్పిండితో చేసే ఖనోమ్ క్రోక్ (పైన ఉల్లికాడలో మొక్కజొన్నో ఉంటాయి), కాల్చిన అరటిపండ్లు, జిగురు అన్నంతో మామిడిపండు. మామిడికి ఏప్రిల్, మే నెలలు మంచివి. అన్నం, చపాతీ లేకపోతే కాలు కదలని పెద్దవాళ్లు వెంట ఉంటే మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫహురాత్ పేటకు వెళ్లండి. అక్కడి గురుద్వారాలో లంగర్, అంటే ఉచిత భోజనం, పెడతారు. తల కప్పుకోవాలి, చెప్పులు బయట వదలాలి, ప్లేటులో మిగల్చకూడదు.

కారం గురించి ఒక మాట. గుంటూరు మిరపకాయలు తిన్నవాళ్లం, మాకేం అంటూ సోమ్ తమ్ 'ఫెట్' అని చెప్పకండి. అక్కడ వేసేది పచ్చి చిట్టి మిరపకాయలు రోట్లో దంచి. 'ఫెట్ నిత్ నోయ్', అంటే కాస్త కారం, అన్నా మనకు చాలు. అదే సోమ్ తమ్‌లో పచ్చి పీత, పులియబెట్టిన చేప వేసే 'పూ ప్లా రా' రకం ఉంటుంది. కొత్తవాళ్ల కడుపుకి అది వద్దు.

టేబుల్ మీద నాలుగు గిన్నెలు ఉంటాయి: పంచదార, ఎండు కారం, చేప సాస్, మిరపకాయలు వేసిన వెనిగర్. ముందు రుచి చూసి తర్వాత కలుపుకోండి. చెంచాతో తినాలి, ఫోర్కు తోయడానికి.

6. ప్రతునామ్‌లో బట్టలు కొనడం

ఇక్కడ ఒక్కటి కొంటే ఒక ధర, మూడు కొంటే ఇంకో ధర. చాలా షాపుల్లో రెండు ధరలూ అట్ట మీద రాసే ఉంటాయి. మూడూ ఒకే రంగు కావాలా, వేర్వేరు సైజులు కలపొచ్చా అన్నది షాపుని బట్టి మారుతుంది, డబ్బు తీసే ముందే అడగండి. మీతో వచ్చిన వాళ్లతో కలిసి కొంటే మూడు లెక్క ఇట్టే అయిపోతుంది. ఒంటరిగా వెళ్తే ముందు ఎవరెవరికి కొనాలో పేర్లు రాసుకుని వెళ్లండి.

ప్లాటినం మాల్‌లో మొదటి అంతస్తులో మొదటి షాపులో కొనకండి. అదే టాప్ పైన నాలుగు షాపుల్లో కనిపిస్తుంది. మొదటి గంట చూడటానికే. నచ్చిన వాటికి షాపు నంబరు బోర్డును ఫొటో తీసుకోండి. ఆ మాల్‌లో 'ఎస్కలేటర్ పక్కన ఉన్న షాపు' అని గుర్తుపెట్టుకున్న వాళ్లు రెండోసారి దాన్ని చూసిన దాఖలా లేదు.

వేసుకుని చూడనివ్వరు, వెనక్కి తీసుకోరు. అందుకే టేపు. 'ఫ్రీ సైజ్' అని రాసి ఉంటే అది అక్కడి అమ్మాయిల కొలత, మన ఎల్, ఎక్సెల్ వాళ్లకు పట్టదు. బట్టని పరిచి చంక నుంచి చంకకు కొలిచి రెట్టింపు చేయండి. మీ ఛాతీ కొలత కన్నా కనీసం రెండంగుళాలు ఎక్కువ ఉంటేనే తీసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు చూడాల్సినవి: జిప్పు రెండుసార్లు పైకీ కిందికీ లాగండి, లోపలి కుట్టు లాగి చూడండి, తడి టిష్యూతో మూల మీద రుద్దండి. రంగు టిష్యూకి అంటితే వదిలేయండి. ప్యాకెట్‌లో పెట్టి ఇచ్చేటప్పుడు రంగు, సైజు మళ్లీ సరిచూసుకోండి. హడావిడిలో మారిపోతుంటాయి.

ఆకలేస్తే అదే సెంటర్లో గులాబీ రంగు టీషర్టుల వాళ్ల గో-ఆంగ్ చికెన్ రైస్ ఉంది. లైను పొడుగ్గా ఉన్నా త్వరగా కదులుతుంది. బయటికి రావడానికి ట్యాక్సీ ఎక్కితే ఆ ట్రాఫిక్‌లో మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పక్కనే సేన్ సేప్ కాలువ పడవ రేవు ఉంది, పడవలోనే కండక్టర్‌కి నగదు ఇవ్వాలి. పాన్‌ఫా దాకా వెళ్తే పాత నగరం.

7. చాతుచక్‌లో తప్పిపోకుండా కొనడం

ఎంఆర్‌టీ (భూగర్భ మెట్రో)లో కాంఫెంగ్ ఫెట్ స్టేషన్ దిగి 2వ ద్వారం నుంచి బయటికొస్తే నేరుగా బజారులోనే ఉంటారు. బీటీఎస్ (వంతెన మీద నడిచే మెట్రో)లో అయితే మో చిత్. ఉదయం 9, 10 మధ్య చేరండి. మధ్యాహ్నానికి రేకుల కింద ఎండకి ఊపిరాడదు.

మొత్తం 27 సెక్షన్లు. మధ్యలో గడియార స్తంభం ఉంటుంది. విడిపోతే ఎక్కడ కలవాలి అంటే అక్కడే అని పిల్లలకు, పెద్దలకు ముందే చెప్పండి. మొత్తం తిరగాలని పెట్టుకోవద్దు. మ్యాపు చూసి రెండు మూడు సెక్షన్లు ఎంచుకోండి. 5, 6 సెక్షన్లలో పాత ఫ్యాషన్ బట్టలు ఉంటాయి.

ప్రతునామ్‌లో 'చూసి తర్వాత కొనండి' అన్నాను కదా, ఇక్కడ దానికి రివర్స్. నచ్చింది, ధర బాగుంది అనిపిస్తే అప్పుడే కొనేయండి. ఆ సందుకి మళ్లీ రాలేరు.

సాయంత్రం 6 గంటలకు జాతీయ గీతం వినిపిస్తే అందరూ ఉన్నచోటే ఆగిపోతారు. మీరూ ఆగండి.

8. సాంపెంగ్

జడ పిన్నులు, చెవి దిద్దులు, బొమ్మలు, ప్యాకింగ్ సామాను, పిల్లల పుట్టినరోజుకి పంచే చిన్న చిన్న వస్తువులు. డజను లెక్కన చాలా చవక, ఒక్కొక్కటి కొనడానికి వెళ్తే దండగ. ఎంఆర్‌టీ వాట్ మంగ్‌కోన్ స్టేషన్ నుంచి నడక దూరమే. సందు ఇరుకు, సరుకు తోపుడు బండ్లు, మోటార్‌సైకిళ్లు దాంట్లోంచే పోతాయి, సంచి ముందుకు వేసుకోండి. మధ్యాహ్నం 3కి మొదలుపెడితే పని ముగించుకుని నడుచుకుంటూ యావరాత్ చేరేసరికి బండ్లు వెలుగుతుంటాయి.

9. బేరం

మన దగ్గర సగానికి సగం అడిగే అలవాటు అక్కడ పనికిరాదు. 'లోత్ దాయ్ మాయ్' (తగ్గిస్తారా) అని నవ్వుతూ అడగండి, క్యాల్క్యులేటర్ మీ ముందు పెడతారు. పదిహేను, ఇరవై శాతం తగ్గితే మంచి బేరమే. గొంతు పెంచితే అసలు అమ్మరు. తగ్గించాక కొనకుండా వెళ్లిపోవడం మర్యాద కాదు, కొనే ఉద్దేశం ఉంటేనే మొదలుపెట్టండి. తిండికి బేరం ఆడకూడదు.

కొనకూడనివి

బుద్ధ విగ్రహాలు దేశం దాటించాలంటే అక్కడి లలిత కళల శాఖ అనుమతి కావాలి. ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషేధం, బహిరంగంగా అమ్ముతున్నా సరే. ఆకు బొమ్మ ఉన్న బిస్కెట్లు, చాక్లెట్లలో గంజాయి ఉండొచ్చు. పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఇంటికి అసలు తేవొద్దు. డురియన్ పండు చాలా హోటళ్లలోకి రానివ్వరు, వాసనకి జరిమానా వేస్తారు. కొన్నచోటే తినేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

'ఈ రోజు గ్రాండ్ ప్యాలెస్ మూసేశారు, తక్కువలో ఊరంతా తిప్పుతా' అని టుక్‌టుక్ వాళ్లో, మర్యాదగా మాట్లాడే పెద్దమనిషో చెబితే నమ్మడం. ఆ బండి ఆగేది రంగురాళ్ల దుకాణం ముందు. నడుచుకుంటూ గేటు దాకా వెళ్లి మీరే చూసుకోండి.

యావరాత్‌లో ఐసు మీద పేర్చిన పెద్ద రొయ్యల్ని చూపించి 'ఇది' అనడం. అవి తూకం లెక్క. ఎంత బరువు, మొత్తం ఎంత అన్నది వండక ముందే క్యాల్క్యులేటర్‌లో కొట్టించుకోండి.

మొదటి రోజే సూట్‌కేసు నింపేయడం. షాపింగ్‌ని చివరి రెండు రోజులకు పెట్టుకోండి. లేదంటే ఆ బరువు మోసుకుని ఫుకెట్, క్రాబీ తిరగాలి.

అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

రాత్రి గదికి రాగానే ఖర్చు రాసుకోండి. తిండి 350 బాట్లు దాటిందా, దేనికి దాటింది? సాధారణంగా టీలు, జ్యూసుల దగ్గర దాటుతుంది.

కొన్న బట్టల్లో ముదురు రంగువి ఒక మూల చన్నీళ్లలో తడిపి తెల్ల టవల్ మీద ఒత్తండి. రంగు దిగితే ఇంటికొచ్చాక విడిగా ఉతకాలని గుర్తు పెట్టుకోండి. అలాంటివి మూడు కొన్నాక తెలిస్తే చేయగలిగింది అంతే.

కడుపులో తేడా అనిపిస్తే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి, మర్నాడు అన్నం గంజి తాగండి. చోక్ అని అడిగితే పొద్దున్నే దొరుకుతుంది. మామూలుగా మూ, అంటే పంది మాంసం వేసి ఇస్తారు, వద్దని ముందే చెప్పండి. జ్వరమో రక్తమో కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బయలుదేరే ముందు రోజు సామాను తూకం వేయించుకోండి, హోటల్ రిసెప్షన్‌లో అడిగితే చాలాచోట్ల కాటా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో కిలోకి కట్టే డబ్బుతో ప్రతునామ్‌లో ఇంకో రెండు టాప్‌లు వస్తాయి.

పెద్ద మాల్స్‌లో ఒకే షాపులో ఒకే రోజు 2,000 బాట్లకు పైగా కొని, వ్యాట్ రీఫండ్ (కట్టిన పన్ను వెనక్కి ఇచ్చే) కాగితం తీసుకుని ఉంటే, మొత్తం విలువను బట్టి ఆ వస్తువులు చెక్-ఇన్ సామానులో వేయకముందే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ కౌంటర్‌లో చూపించి ముద్ర వేయించుకోవాల్సి రావచ్చు. వీధి బజార్లలో కొన్నవాటికి ఈ సదుపాయం లేదు.